చిగుళ్ళ వ్యాధి – గుండె ఆరోగ్యము

"నోరు మంచిదైతే ఊరు మంచిది" అని మనలో ఒక సామెత కలదు. పెద్దలు ఈ మాటను మాటతీరును ఉద్దేశించి చెప్పిరి. వైద్యుడు వినినచో ఇందులో మరియొక అర్థము కూడ తోచును. ఈ దేహమే ఒక ఊరు అనుకొందము. ఆ ఊరికి నోరు సింహద్వారము. ద్వారమువద్ద చెత్త పేరుకొని కుళ్ళుచున్నప్పుడు, లోపలి వీధులు మాత్రము పరిశుభ్రముగ నుండునని నమ్ముట యెట్లు? ఈ ప్రసంగములో నేను చెప్పదలచినది ఇదియే. పంటి చిగుళ్ళకు వచ్చు వ్యాధికిని, గుండెకు వచ్చు వ్యాధికిని సంబంధము కలదా? ఉన్నచో అది యెట్టిది? అందులో రుజువైన దెంత, కానిదెంత? ఇంటిల్లపాదియు తెలిసికొని ఆచరింపవలసిన దేమి?

మహబూబాబాదు జిల్లాలోని మరిపెడను తీసికొందము. వరంగల్లు నుండి ఖమ్మము పోవు రహదారిమీద ఉన్న ఊరు అది. చుట్టును పల్లెలు, లంబాడీ తండాలు, ప్రత్తి చేలు, మిరప తోటలు. అచ్చట నలువది యేండ్ల రైతొకడు తెల్లవారుజామున పందుంపుల్ల నమలి ఉమ్మివేసినప్పుడు ఉమ్మిలో ఎఱ్ఱని చార కనబడినదనుకొందము. అతడేమనుకొనును? "వేడి చేసినది, మజ్జిగ త్రాగిన సరిపోవును" అనుకొనును. ఆ రోజు చేనిలో పని యున్నది, మరునాడు మార్కెట్టుకు సరకు పోవలెను. నెత్తురు కారుట అట్లే సాగును. కొన్నియేండ్లకు చిగుళ్ళు క్రిందికి జారి పళ్ళు పొడవుగ కనిపించును; తరువాత కదలును; ఒకనాడు పన్ను చేతికి వచ్చును. "వయసు వచ్చినది, పళ్ళు ఊడవా?" అని అతడును, ఇరుగుపొరుగువారును సమాధానపడుదురు. ఇది మరిపెడలోనే కాదు, హైదరాబాదులో చదువుకొన్నవారి యిండ్లలోను జరుగు కథయే. పళ్ళు ఊడుట వయసు చేయు పని కాదు. వ్యాధి చేయు పని. ఆ వ్యాధిని ఆపవచ్చును.

ఆ వ్యాధి యెట్లు వచ్చునో ముందు చూతము. ఉదయము లేచిన వెంటనే నాలుకతో పళ్ళను తడిమినచో జిగటగ ఒక పొర తగులును. దానినే మనము పాచి అందుము. "పాచి ముఖముతో నీళ్ళయినను త్రాగరాదు" అని మన యిండ్లలో పెద్దలు పిల్లలను మందలింతురు గదా! ఆ పాచి కేవలము తిన్న అన్నపు మిగులు కాదు. అది సూక్ష్మజీవుల కాపురము. 1683లో హాలండు దేశస్థుడైన లీవెన్‌హుక్ తన పంటి పాచిని తాను చేసికొన్న సూక్ష్మదర్శినిలో చూచి, అందు చలించు చిన్న ప్రాణులున్నవని లండనులోని రాయల్ సొసైటీకి జాబు వ్రాసెను. అప్పటినుండియు ఆ పాచిలోని జీవులను గూర్చి శాస్త్రజ్ఞులు తెలిసికొనుచునే యున్నారు. ఈ పాచిని దినదినము తీసివేయక విడిచినచో, ఉమ్మినీటిలోని సున్నపు పదార్థము చేరి అది రాయివలె గట్టిపడును. అదే గార. పాచి కుంచెకు లొంగును. గార కుంచెకు లొంగదు.

ఈ పాచియే చిగురువాపునకు మూలమని నిరూపించిన ప్రయోగము ఒకటి మిక్కిలి ప్రసిద్ధమైనది. 1965లో డెన్మార్కు దేశమున ఆర్హుస్ నగరములోని దంతవైద్య కళాశాలలో హరాల్డ్ లో అను పండితుడును, ఆయన సహచరులును ఆరోగ్యమైన చిగుళ్ళుగల 12 మందిని ఎన్నుకొని, పళ్ళు తోముకొనుట పూర్తిగ మానివేయుమనిరి. పది దినములు మొదలు ఇరువది యొక్క దినములలోపల అందరికిని చిగుళ్ళు వాచి ఎఱ్ఱబడెను. మరల పళ్ళు తోముకొన నారంభింపగనే, సుమారు వారము దినములలో చిగుళ్ళు యథాస్థితికి వచ్చెను. ఇందు మనకు రెండు పాఠములు కలవు. మూడు వారముల అశ్రద్ధ చాలు, జబ్బు పుట్టుటకు. ఒక వారము శ్రద్ధ చాలు, మొదటి దశలో అది పోవుటకు.

ఆ మొదటి దశ దాటినచో సంగతి వేరు. వాచిన చిగురు పంటినుండి విడివడి, పంటికిని చిగురుకును నడుమ సంచివంటి లోతు ఏర్పడును. అందు గాలి చొరదు, కుంచె చొరదు. గాలి లేనిచోట బ్రదుకు క్రిములు అచ్చట వృద్ధిపొందును. వానిని ఎదుర్కొనుటకు శరీరము పంపిన రక్షక కణములకును క్రిములకును జరుగు పోరాటములో పంటిని పట్టియుంచు ఎముకయే కరగిపోవును. విశేష మేమనగా ఇదంతయు చాలవరకు నొప్పి లేకుండ జరుగును. పిప్పిపన్ను రాత్రి నిద్రపోనీయదు కనుక వైద్యునికడకు పోవుదుము. చిగుళ్ళ వ్యాధి అట్లు కాదు. ఇంటిదొంగవలె చప్పుడు లేకుండ పని ముగించుకొనిపోవును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన నివేదిక ప్రకారము తీవ్రమైన చిగుళ్ళ వ్యాధి గలవారు ప్రపంచమున నూరు కోట్లకు పైబడి యున్నారు.

తీవ్రమైన వ్యాధి గలవాని నోటిలో పళ్ళచుట్టును ఉన్న ఈ సంచుల లోపలి పుండునంతటిని చేర్చి పరచినచో ఎంత యుండును? 8 మొదలు 20 చదరపు సెంటీమీటర్ల వరకు ఉండవచ్చునని 2001లో లెక్కకట్టిరి. అనగా ఒక పెద్ద తపాలాబిళ్ళయంత పుండు. మీ కాలిమీద తపాలాబిళ్ళయంత పచ్చిపుండు ఏండ్ల తరబడి మానక, తాకినప్పుడెల్ల నెత్తురు కారుచుండినచో మీరు ఊరకుందురా? నోటిలో నున్నందున, కంటికి కనబడనందున ఊరకున్నాము. అంతే భేదము.

ఇక గుండె సంగతికి వత్తము. పుండున్నచోట రక్తనాళములు తెరచుకొని యుండును. అన్నము నమలినప్పుడు, పళ్ళు తోముకొన్నప్పుడు, ఆ పుండులోని క్రిములు కొన్ని నెత్తురులో ప్రవేశించును. 2008లో అమెరికాలో 290 మందిపై ఒక పరీక్ష జరిగెను. ముందుగ మందు ఇవ్వక పన్ను పీకినవారిలో నూటికి 60 మంది నెత్తురులో నోటి సూక్ష్మజీవులు కనబడెను. కేవలము పళ్ళు తోముకొన్నవారిలో నూటికి 23 మందికి కనబడెను. పాచియు గారయు అధికముగ నున్నవారిలో, తోమగానే చిగుళ్ళనుండి నెత్తురు వచ్చువారిలో, ఇవి మరింత అధికముగ చేరునని ఆ పరిశోధకులే తరువాతి సంవత్సరమున తెలిపిరి. దీనిని విని పళ్ళు తోముట మానరాదు సుమా! తోమకపోవుటచేతనే పుండు పెరుగును. పుండు పెరుగుటచేతనే క్రిములు చొచ్చును.

ఆరోగ్యవంతుని నెత్తురులో చేరిన ఈ క్రిములను శరీరము కొలది నిమిషములలో తుదముట్టించును. కాని అందరి గుండెలు ఒకే తీరున నుండవు. చిన్నతనమున గొంతునొప్పి వచ్చి, దాని వెంట కీళ్ళవాతపు జ్వరము వచ్చి, గుండె కవాటములు చెడినవారు మన పల్లెలలో కలరు. పుట్టుకతోనే గుండెలో లోపమున్న పిల్లలు కలరు. శస్త్రచికిత్సచే కృత్రిమ కవాటము అమర్చబడినవారు కలరు. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకము వచ్చిన తరువాత, ఇట్టి చికిత్స పట్టణములకే కాక పల్లెల పేదలకును అందుబాటులోనికి వచ్చినది. ఇట్టివారి నెత్తురులో తిరుగు నోటి క్రిమి ఆ చెడిన కవాటమునో, ఆ కృత్రిమ కవాటమునో పట్టుకొని, అచ్చట గూడు కట్టవచ్చును. విడువని జ్వరము, నీరసము, బరువు తగ్గుట దీని గుర్తులు. సకాలమున గుర్తించి చికిత్స చేయనిచో ఇది ప్రాణాంతకము. పన్ను పీకినప్పుడు నోటి క్రిములు నెత్తురులో చేరునని 1935లోనే లండనులో ఒకెల్, ఎలియట్ అను వైద్యులు నిరూపించి యుండిరి. కావున నోటికిని గుండెకును గల సంబంధములలో ఇది నిస్సందేహముగ రుజువైనది.

మరి మనలో అనేకులను పొట్టనబెట్టుకొను గుండెపోటు సంగతి యేమి? గుండెకు నెత్తురు నందించు నాళములలో క్రొవ్వు పేరుకొని, ఆ నాళము మూసికొనిపోవుట గుండెపోటు. ఇది పట్టణపు ధనికుల జబ్బు అని ఒకప్పుడు తలచెడివారు. 2003, 2004 సంవత్సరములలో తూర్పు పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య కార్యక్రమము పేరిట మరణములను పరిశీలించిరి. 1,354 మరణములలో ఇంచుమించు మూడింట ఒక వంతు, అనగా నూటికి 32, గుండె జబ్బులు, పక్షవాతము మున్నగు రక్తప్రసరణ సంబంధమైన వ్యాధులవలననే కలిగినవి. అంటువ్యాధులకంటె ఇవి ఎంతో ఎక్కువ. పల్లె గుండె గట్టిదను నమ్మకము ఇక చెల్లదు.

చిగుళ్ళ వ్యాధి ఈ గుండెపోటునకు కారణమగునా యను ప్రశ్నకు పెద్ద చరిత్ర కలదు. మన ప్రాచీనులు నోటిని తక్కువగ చూడలేదు. సుశ్రుతసంహిత దంతమూలమున వచ్చు వ్యాధులు పదునైదని లెక్కించి, నెత్తురు కారి చిగుళ్ళు మెత్తబడు వ్యాధికి శీతాదమని పేరిడినది. పాశ్చాత్యులలో మిల్లర్ అను దంతశాస్త్రజ్ఞుడు 1891లో, నోరు దేహమునందలి ఇతర వ్యాధులకు మూలస్థానము కాగలదని వ్రాసెను. 1910లో విలియం హంటర్ అను ఆంగ్ల వైద్యుడు కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయములో ఉపన్యసించుచు ఆ వాదమును మరింత తీవ్రముగ చెప్పెను. దాని ఫలితము విపరీతమైనది. కీళ్ళనొప్పి వచ్చినను, కడుపునొప్పి వచ్చినను, మతి చలించినను, "పళ్ళలో నున్నది దోషము" అని వైద్యులు వేలమందికి పళ్ళు పీకివేసిరి. పళ్ళు పోయినవి గాని జబ్బులు పోలేదు. క్రమముగ ఆ వాదము అపహాస్యము పాలై మూలబడెను. ఒక సత్యమును అవసరమునకు మించి సాగదీసినచో అది అసత్యమగునను మాటకు ఇది ఉదాహరణము.

మరల ఆ ప్రశ్న 1989లో తలయెత్తెను. ఫిన్లండు రాజధాని హెల్సింకీలో గుండెపోటు వచ్చిన 100 మంది పళ్ళను, గుండెపోటు లేని 102 మంది పళ్ళను పోల్చి చూచిరి. గుండెపోటు వచ్చినవారి దంతారోగ్యము స్పష్టముగ హీనముగ నున్నది. 1993లో అమెరికాలో 9,760 మంది వివరములు పరిశీలింపగా, చిగుళ్ళ వ్యాధి గలవారికి గుండెజబ్బు ప్రమాదము నూటికి 25 పాళ్ళు అధికమని తేలెను. 2010లో స్కాట్లండులో 11,869 మందిని గూర్చి ప్రకటించిన పరిశీలనలో, దినమునకు రెండుమార్లు తోముకొనువారికంటె ఎన్నడో గాని తోముకొననివారికి గుండె, రక్తనాళముల వ్యాధులు నూటికి 70 పాళ్ళు అధికముగ వచ్చినట్లు కనబడెను.

ఇక్కడ శ్రోతలు ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలెను. కాకి వచ్చి వ్రాలినది, తాటిపండు రాలినది. కాకి వ్రాలుటచేతనే పండు రాలినదా? దీనినే కాకతాళీయ న్యాయమందురు. చుట్ట కాల్చువాని వ్రేళ్ళపై పసుపుపచ్చని మరక యుండును. అతనికి ఊపిరితిత్తుల జబ్బును వచ్చును. మరక జబ్బునకు కారణము కాదు. రెండింటికిని చుట్టయే కారణము. అట్లే పొగాకు చిగుళ్ళను చెఱచును, గుండెనాళములను చెఱచును. మధుమేహము రెంటిని చెఱచును. పేదరికము, వయసు, ఆహారలోపము రెంటికిని తోడ్పడును. పళ్ళు తోముకొనుటకు బద్ధకించువాడు నడచుటకును, మందు వేసికొనుటకును బద్ధకించువాడే కావచ్చును. పరిశోధకులు ఇట్టి విషయములను గణితముచే వేరుపరచి చూచిరి. అట్లు చూచినను సంబంధము కొంత మిగిలియే యున్నది. కాని పూర్తిగ వేరుపరచుట ఎవరికిని సాధ్యము కాదు.

మిగిలిన ఆ సంబంధమునకు ఉపపత్తి యేమి? మొదటిది, క్రిములు స్వయముగ పోవుట. గుండెకును మెదడునకును పోవు నాళములలో పేరుకొన్న క్రొవ్వుముద్దలను శస్త్రచికిత్సలో తీసి పరీక్షింపగా, చిగుళ్ళ సంచులలో నివసించు క్రిముల ఆనవాళ్ళే కొన్నిటియందు కనబడినవి. రెండవది, మంట. ఇక్కడ మంట యనగా వాపు, ఎఱ్ఱదనము, వేడిమి కలిగించు దేహరక్షణ వ్యాపారము. నోటిలో ఏండ్ల తరబడి ఆరని కుంపటి యున్నప్పుడు దాని సెగ నెత్తురు ద్వారా ఒడలంతయు పాకును. కాలేయము సి-రియాక్టివ్ ప్రోటీన్ అను పదార్థమును అధికముగ తయారుచేయును. రక్తనాళముల లోపలి సున్నితమైన పొర తన సాగుగుణమును కోల్పోవును.

దీనిని పరీక్షించుటకు 2007లో ప్రకటింపబడిన ఒక ప్రయోగము ముఖ్యమైనది. తీవ్రమైన చిగుళ్ళ వ్యాధి గల 120 మందిని రెండు భాగములుగ చేసి, ఒక భాగమువారికి గట్టి చికిత్సను, రెండవవారికి సాధారణ చికిత్సను చేసిరి. గట్టి చికిత్స పొందినవారికి మరునాడు రక్తనాళముల పనితీరు కొంచెము క్షీణించెను. పుండును కెలికినందున అది సహజము. కాని ఆరు నెలలకు వారి నాళములు రెండవవారి నాళములకంటె మెరుగుగ పనిచేసినవి. అనగా నోటిలోని మంట చల్లారినచో నాళములకు మేలు కలుగును. అయితే నాళము మెరుగుపడినది కనుక గుండెపోటు తప్పినదని చెప్పుట తొందరపాటు. అమెరికా హృద్రోగ సంఘమువారు 2012లో ఉన్న సాక్ష్యమునంతయు విమర్శించి, రెండు వ్యాధులకును సంబంధము నిజమే గాని, ఒకటి రెండవదానికి కారణమని రుజువు కాలేదనియు, చిగుళ్ళకు చికిత్స చేసిన గుండెపోటు తప్పునని నిరూపణ కాలేదనియు ప్రకటించిరి. 2020లో ఐరోపా చిగుళ్ళ వైద్యుల సమాఖ్యయు ప్రపంచ హృదయ సమాఖ్యయు కలిసి ప్రకటించిన నివేదికలో, సంబంధము బలమైనదనియు, గుండెజబ్బు గలవారికి చిగుళ్ళ చికిత్స నిరపాయముగ చేయవచ్చుననియు తెలిపిరి. కావున "పళ్ళు తోమిన గుండెజబ్బు రాదు" అని ఎవరైన చెప్పినచో నమ్మకుడు. "నోటికిని గుండెకును ఏమి సంబంధము?" అని ఎవరైన నవ్వినచో అదియు నమ్మకుడు.

మధుమేహము గలవారు దీనిని మరింత గమనింపవలెను. నెత్తురులో చక్కెర హెచ్చినచో చిగుళ్ళ వ్యాధి ముదురును; చిగుళ్ళ వ్యాధి ముదిరినచో చక్కెర అదుపు తప్పును. ఒకదాని నొకటి ఎగదోయు ఈ జంట గుండెకు శత్రువు. చిగుళ్ళకు చికిత్స చేసినచో చక్కెర కొంత అదుపునకు వచ్చునని అనేక పరీక్షలు చూపినవి. పొగాకు మరియొక శత్రువు. బీడీ, చుట్ట, జర్దా, గుట్కా ఏ రూపమున నున్నను చిగుళ్ళకు హానియే. పొగ త్రాగువాని చిగుళ్ళనుండి నెత్తురు తక్కువగ వచ్చును. అది ఆరోగ్యమని భ్రమపడరాదు. పొగాకు నాళములను బిగించుటచే హెచ్చరిక గంట మ్రోగుట లేదు, అంతే. మన శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో కొందరు స్త్రీలు నిప్పున్న కొనను నోటిలో నుంచుకొని కాల్చు అడ్డపొగ నోటికి మరింత కీడు చేయును.

ఈ వ్యాధి చికిత్సలో మన తెలుగువాని కృషియు కలదని వినినచో శ్రోతలు సంతోషింతురు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు అధిపతిగ నున్నప్పుడు, ఆయన నడిపిన కార్యక్రమమునందే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ అను మందును కనుగొనెను. 1948లో అది లోకమునకు వెల్లడియయ్యెను. ఆ యేడే సుబ్బారావుగారు కీర్తిశేషులైరి. టెట్రాసైక్లిన్ కుటుంబమున మొదటిది అదియే. ఆ కుటుంబపు మందులు క్రిములను చంపుటయే కాక, చిగుళ్ళ కణజాలమును కరగించు రసమును కూడ అడ్డగించునని 1983లో లోర్న్ గోలబ్ అను శాస్త్రజ్ఞుడు చూపెను. ఆ కుటుంబములోని డాక్సీసైక్లిన్‌ను చాల తక్కువ మోతాదులో చిగుళ్ళ వ్యాధికి వాడుటకు 1998లో అమెరికా ప్రభుత్వము అనుమతించెను. అయినను ఇది వైద్యుడు ఇచ్చు మందే గాని, అంగడిలో మనము కొనుక్కొని మ్రింగు మందు కాదు. గార తీయకుండ మందు మ్రింగుట, ముల్లు తీయకుండ పుండునకు పసుపు రాయుటవంటిది.

ఇక ఇంటిల్లపాదియు చేయవలసిన పనులు చెప్పెదను. దినమునకు రెండుమార్లు, ముఖ్యముగ రాత్రి పండుకొనుటకు ముందు, మెత్తని కుంచెతో రెండు నిమిషములు తోమవలెను. పంటిని మాత్రమే కాదు, పన్నును చిగురును కలియు అంచును తోమవలెను. గట్టిగ రుద్దుట బలము కాదు, చిగురు అరిగిపోవును. వేపపుల్ల మంచిదే, కొనను బాగుగ నమిలి మెత్తని కుంచెవలె చేసికొని, లోపలి వైపున కూడ తోముకొనవలెను. బొగ్గు, ఇటుకపొడి, ఇసుక పంటిని అరుగదీయును, వానిని విడువవలెను. తోమునపుడు నెత్తురు వచ్చిన చోటును భయపడి విడువక, నెమ్మదిగ శుభ్రపరుపవలెను. రెండు వారములు శ్రద్ధగ చేసినను నెత్తురు ఆగనిచో దంతవైద్యుని చూడవలెను.

"గార తీయించినచో పళ్ళు కదలును" అను అపోహ మన ఊళ్ళలో బలముగ నాటుకొన్నది. పళ్ళను కదలించినది గార. అది తీసివేయగా, అంతవరకు అది కప్పిపుచ్చిన కదలిక కనబడినది. ఒరిగిన గోడకు ఆనించిన చెత్తకుప్ప తీయగా గోడ యొరిగినదని తెలియును. చెత్త తీసినవానిని నిందించుట న్యాయమా? జిల్లా ఆసుపత్రులలోను, హైదరాబాదులోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలలోను ఈ చికిత్స దొరకును. కేంద్రప్రభుత్వము 2014-15లో జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమమును ప్రారంభించినది. మహబూబాబాదులో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడినది. మరిపెడవంటి ఊళ్ళవారికి పెద్దాసుపత్రి మునుపటికంటె దగ్గరయినది. బి.పి.కిని షుగరుకును పరీక్షకు పోయినప్పుడు "నా చిగుళ్ళను కూడ చూడుడు" అని అడుగుటకు మొగమాటపడనక్కరలేదు.

గుండెజబ్బు గలవారికి నాలుగు మాటలు ప్రత్యేకముగ చెప్పవలెను. కృత్రిమ కవాటము ఉన్నవారు, మునుపు గుండె లోపొరకు క్రిముల జబ్బు వచ్చినవారు, పుట్టుకతో వచ్చిన కొన్ని తీవ్రమైన గుండెలోపములు గలవారు, పన్ను పీకించుకొనుటకు ముందు ఆ సంగతిని దంతవైద్యునికి తప్పక చెప్పవలెను. వారికి ముందుగ మందు ఇచ్చుట అవసరము. సంతలో పళ్ళు పీకువానిచేత పీకించుకొనుట వారికి ప్రాణసంకటము. రెండవది, నెత్తురు గడ్డకట్టకుండ ఇచ్చు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి మాత్రలను, "పన్ను పీకినచో నెత్తురు ఆగదేమో" యను భయముతో తమంతట తాము మానరాదు. పంటినుండి కారు నెత్తురును ఆపవచ్చును. మాత్ర మానినందున గుండెలో కట్టిన గడ్డను కరగించుట అంత సులభము కాదు. గుండె వైద్యుని, దంతవైద్యుని ఇద్దరిని అడిగిన తరువాతనే ఏ మార్పైనను చేయవలెను. మూడవది, రక్తపుపోటునకు ఇచ్చు ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్ వంటి మందులవలన కొందరికి చిగుళ్ళు ఉబ్బి పళ్ళపైకి పెరుగును. అట్లయినను మందు మానక, వైద్యునికి చూపినచో ఆయన మందు మార్చగలడు.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యము. గుండెనొప్పి ఎల్లప్పుడును రొమ్ములోనే రాదు. ఒక్కొక్కప్పుడు అది క్రింది దవడలో, ముఖ్యముగ ఎడమవైపున, పంటినొప్పివలె తోచును. పంటినొప్పి చల్లనినీరు త్రాగినను, నమిలినను హెచ్చును. గుండెనుండి వచ్చు దవడనొప్పి నడచినప్పుడు, బరువు మోసినప్పుడు హెచ్చి, కూర్చున్నచో తగ్గును. దానితోపాటు చెమటలు, ఆయాసము, ఎడమచేతి లాగు ఉన్నచో లవంగనూనె పెట్టుకొని పండుకొనరాదు. వెంటనే 108కి కబురు చేయవలెను. 2005 నుండి మన యూళ్ళకు ఆ బండి వచ్చుచునే యున్నది. గడియ ఆలస్యము ప్రాణమును తీయవచ్చును.

చిగుళ్ళ వ్యాధిని మాన్పుకొనుటవలన గుండెపోటు తప్పునో తప్పదో శాస్త్రము ఇంకను తేల్చవలసి యున్నది. కాని దానిని మాన్పుకొనుటవలన పళ్ళు నిలుచును, నమలుట సాగును, నోటి దుర్వాసన పోవును, చక్కెర అదుపునకు తోడ్పడును. ఇన్ని మేళ్ళు రుజువైనవి. గుండెకు మేలు కలుగుట సంభవము. హాని లేశమును లేదు. ఇట్టి బేరమున నష్టపోవు వాడెవ్వడు? రేపు ఉదయము ఇంటిలోని పెద్దలును పిల్లలును పళ్ళు తోముకొని ఉమ్మివేసినప్పుడు ఆ ఉమ్మిని ఒక్కసారి పరికించుడు. అందు ఎఱ్ఱని చార కనబడినచో "వేడి చేసినది" అని తోసివేయక, మీ దేహము మీకు వ్రాసిన జాబుగ దానిని చదువుకొనుడు.